హనుమకొండ చర్చిలో పాత తొక్కుడు ఆర్గన్: బాగుచేయించాలా, పైపు ఆర్గన్ వైపు చూడాలా?

క్వయర్_హనుమకొండ

అందరికీ వందనాలు. మా చర్చిలో వేదిక పక్కన కాళ్లతో తొక్కే పాత ఆర్గన్ ఒకటి ఉంది. చాలా ఏండ్లుగా మూతేసే ఉంటోంది, పైన పూలకుండీలు పెడుతున్నారు. కమిటీలో కొందరు కీబోర్డు చాలు, దీన్ని తీసేద్దాం అంటున్నారు. ఇంకొందరు విరాళాలు కూడితే ఏకంగా పైపు ఆర్గనే పెట్టిద్దాం అంటున్నారు. ఏ మాట మాట్లాడాలన్నా ముందు దీని స్థితి సరిగ్గా తెలియాలి కదా.

పైనుంచి చూస్తే తెలిసినవి ఇవి. మెట్లు 61, ఎడమ చివర ఎఫ్, కుడి చివర కూడా ఎఫ్. స్టాపులు, అంటే గొంతు మార్చడానికి లాగే గుబ్బలు, 11: డయాపాసన్, డల్సియానా, మెలోడియా, డల్సెట్, వయోలా, సెలెస్టె, వాక్స్ హ్యూమానా, సబ్ బాస్, బాస్ కప్లర్, ట్రెబుల్ కప్లర్, ఫోర్టె. మోకాళ్ల దగ్గర రెండు చెక్క మీటలున్నాయి. కుడి పెడల్ పట్టీ తెగింది. ఎడమది తొక్కితే కొంచెం పలుకుతుంది, కాలు ఆపగానే ఆగిపోతుంది. మూడు మెట్లు నొక్కకుండానే మోగుతున్నాయి, ఏడెనిమిది అసలు పలకడం లేదు. అడుగున చెక్క మీద నీటి మరక ఉంది. 2023 జులై వానలకు హాల్లోకి చీలమండ లోతు నీళ్లొచ్చాయి, అప్పటిదే అయ్యుండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి? 11 స్టాపులున్నాయంటే చాలా పెద్ద ఆర్గన్ అని ఒకరన్నారు, నిజమేనా? భజన హార్మోనియాలు బాగుచేసే అతనికి అప్పజెప్పొచ్చా?

---

రీడ్_నాలుక

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది రీడ్ ఆర్గన్. పైపులు ఉండవు. ఇత్తడి చట్రంలో ఇత్తడి నాలుక, గాలి దాన్ని ఊపితే స్వరం. ఎఫ్ నుంచి ఎఫ్ దాకా 61 మెట్లంటే పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా కంపెనీలు చేసిన వాటిలో మామూలు కొలత. ఎస్టే, మేసన్ అండ్ హామ్లిన్ లాంటి పేర్లు మెట్ల పైన పలక మీద ఉంటాయేమో చూడండి. వెనక చెక్క తీశాక లోపల సీరియల్ నంబరు అచ్చు గుద్ది ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

స్టాపుల లెక్క. 11 గుబ్బలంటే 11 రకాల రీడ్లు కాదు. మీ జాబితాలో అసలు రీడ్ వరసలు రెండు, వాటికి తోడు సబ్ బాస్. మొదటి వరసలో ఎడమ సగం డయాపాసన్, కుడి సగం మెలోడియా. రెండో వరసలో ఎడమ సగం వయోలా, కుడి సగం సెలెస్టె. డల్సియానా, డల్సెట్ అనేవి మొదటి వరస రీడ్లే, మూత కొంచెమే తెరిచి మెత్తగా వినిపిస్తాయి. వాక్స్ హ్యూమానా లాగితే వెనక ఒక రెక్క తిరిగి స్వరం వణుకుతుంది. కప్లర్లు ఒక మెట్టు నొక్కితే ఎనిమిదో స్వరపు మెట్టును కూడా లాగే తీగెలు. ఫోర్టె గట్టిదనం పెంచే మూత. కాబట్టి 61, 61, సబ్ బాస్‌కి మామూలుగా ఉండే 13 కలిపి మొత్తం 135 రీడ్లు. చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు. నూటయాభై మంది పాడే హాలుకు సరిపోతుంది.

సెలెస్టె గురించి ఇప్పుడే ఒక మాట. దాన్ని మెలోడియా కన్నా కావాలనే రవ్వంత పైకి శ్రుతి చేస్తారు. రెండూ కలిపి వాయిస్తే అల లాంటి కదలిక వస్తుంది. శ్రుతి తప్పిందనుకుని ఎవరైనా సరిచేస్తే ఆ స్టాపు ఉండీ లేనట్టే.

హార్మోనియం అతనికి ఇచ్చే ముందు ఒక తేడా ఆయనకు తెలియాలి. భజన హార్మోనియం గాలిని రీడ్ల మీదికి ఊదుతుంది. ఈ అమెరికా రకం గాలిని లోపలికి పీలుస్తుంది. తొక్కినప్పుడు పెద్ద తిత్తి ఉబ్బదు, ముడుచుకుంటుంది. వెనక చెక్క తీసి ఎడమ పెడల్ తొక్కుతూ చూడండి, ముడుచుకుంటే పీల్చే రకమే. ఇది తెలియక తిత్తి "తిరగబడి" ఉందని స్ప్రింగులు మార్చేస్తే పని పాడవుతుంది. ఇంకోటి, హార్మోనియంలో రీడ్లు స్క్రూలతో బిగించి ఉంటాయి, ఇందులో చెక్క గాడిలోకి జారి కూర్చుంటాయి. స్క్రూడ్రైవర్ పెట్టి తవ్వితే గాడి అంచు చిట్లిపోతుంది. ఇవి రెండూ తెలిసిన మంచి చెయ్యి అయితే తోలు పని, ఫెల్టు పని ఆయన చక్కగా చేయగలడు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే గాలితోనే. పలకని రీడ్ల జోలికి ఇప్పుడే పోవద్దు. గాలి నిలవని ఆర్గన్లో ఏ రీడు మంచిదో ఏది చెడ్డదో తేలదు, సగం రీడ్లు గాలి చాలకే మూగబోతాయి. ముందు తెగిన పట్టీ వేయండి. అన్ని స్టాపులూ లోపలికి నెట్టి, మెట్లు ముట్టకుండా, తిత్తి పూర్తిగా ముడుచుకునేదాకా తొక్కి కాళ్లు తీసేయండి. తిత్తి మళ్లీ తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. బాగున్నదైతే నిమిషం దాకా నిలుస్తుంది. అర నిమిషం నిలిచినా ఆరాధనకు వాడుకోవచ్చు. 10 సెకన్ల లోపే అయితే ఎక్కడో పెద్ద కారుడు ఉన్నట్టు.

అప్పటిదాకా నూనె, డబ్ల్యూడీ-40 ఏ చోటా కొట్టొద్దు. పూలకుండీలు ఇవాళే దించేయండి.

---

వడ్ల_పని

పట్టీకి ఎక్కడికీ పరుగెత్తనక్కర్లేదు. మంచానికి అల్లే నూలు నవారు, ఒకటిన్నర అంగుళం వెడల్పుది, సరిగ్గా పనికొస్తుంది. నైలాన్ నవారు తొక్కేకొద్దీ సాగుతుంది, చక్రం మీద జారుతుంది. తెగిన ముక్కలు రెండూ కలిపి కొలవండి, రెండు పట్టీలూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి సాగినదైతే పెడల్లు రెండు ఎత్తుల్లో ఉండి వాయించేవాళ్లకు మోకాలు నొప్పి. పట్టీ తిరిగే చిన్న చెక్క చక్రం ఇరుసు దగ్గర అరిగిందేమో అదీ చూడండి, పట్టీ తెగడానికి చాలాసార్లు అదే కారణం. పెడల్ల మీద చిరిగిన తివాచీ ఉంటే కొత్తవాడ దర్రీ ముక్క కోసి, అంచు మడిచి మేకులు కొట్టండి. అసలుదానికన్నా ఎక్కువకాలం ఉంటుంది.

నీటి మరక సంగతి. చీలమండ లోతు అంటే నీరు అడుగు చట్రాన్ని, పెడల్లను తాకి ఉంటుంది, రీడ్లున్న పైభాగానికి వెళ్లదు. అయినా పాత జిగురు పశువుల తోలు నుంచి తీసిన సరేసు. తడికి మెత్తబడి అతుకులు వదిలేస్తాయి. అడుగు మూలలు చేత్తో పట్టి ఊపండి. కదిలితే విప్పి మళ్లీ సరేసుతోనే అతకండి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు బయటి పెట్టెకు సరే. తిత్తులకు, లోపలి అతుకులకు వద్దు. అది ఒకసారి పట్టాక 30 ఏండ్ల తరవాత బాగుచేసే మనిషి చెక్క చీల్చకుండా విప్పలేడు. సరేసు అయితే వేడినీళ్లు, పలచటి కత్తి చాలు.

చెదలు చూడటం మరవొద్దు. అడుగు పలకను సూదితో గుచ్చితే మెత్తగా దిగిందంటే లోపల తినేసినట్టు. చిన్న గుండ్రటి రంధ్రాలు, కింద పిండి రాలుతుంటే బోరర్ పురుగు. మందు ఉత్త చెక్క మీద బ్రష్షుతో మాత్రమే పూయాలి. పిచికారీ కొడితే ఆ తుంపర తిత్తి రబ్బరు గుడ్డను తినేస్తుంది, రీడ్ల మీద పడితే జిడ్డు పేరుకుంటుంది. పని అయ్యాక ఆర్గన్‌ను నేల మీద నేరుగా పెట్టకండి. నాలుగు మూలలా రెండంగుళాల టేకు దిమ్మెలు, గోడకు జానెడు ఎడం. మన దగ్గర గోడ వెంబడే చెదలు పాకుతాయి, వాన చెమ్మ కూడా గోడ నుంచే.

---

క్వయర్_హనుమకొండ

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. నవారు వేశాం. తొక్కితే తిత్తి ముడుచుకుంటోంది, కాబట్టి పీల్చే రకమే. కానీ నాలుగైదు సెకన్లకే తెరుచుకుంటోంది. తిత్తి గుడ్డ మడతల దగ్గర గట్టిగా, అట్టలా ఉంది, గోటితో గీకితే నల్లటి పొడి రాలుతోంది. పైన మెట్ల కింది పెట్టెకు, తిత్తి పలకకు మధ్య ఒక చోట కాగితం దూరేంత సందు కూడా కనిపించింది. అగరుబత్తి పొగ పెట్టి కారుడు పట్టొచ్చా? తిత్తి గుడ్డకు రెక్సిన్ వాడొచ్చా?

---

రీడ్_నాలుక

అగరుబత్తి వద్దే వద్దు. ఇది పీల్చే వాయిద్యం, నిప్పు రవ్వను లోపలికి లాగేస్తుంది. లోపలంతా ఎండు చెక్క, ఊలు ఫెల్టు. పలచటి టిష్యూ కాగితం సన్నగా చింపి అతుకుల వెంట నడిపించండి, కారే చోట అంటుకుపోతుంది.

మీకు రెండు అనుమానాలున్నాయి, తిత్తి గుడ్డ, పైన సందు. రెంటినీ విడదీసి చూడాలి, లేకపోతే అనవసరమైన పని మీద డబ్బు పోతుంది. మొదట పైపెట్టెను కిందికి బిగించిన స్క్రూలు అన్నీ వెతికి, ఒక్కోటి పావు చుట్టు చొప్పున, ఎదురెదురు మూలల నుంచి బిగించండి. మన ఎండాకాలంలో 43, 44 డిగ్రీల వేడికి చెక్క కుంచించుకుపోతుంది, స్క్రూలు వదులవుతాయి. సందు దానివల్లే కావచ్చు. మళ్లీ సెకన్లు లెక్కపెట్టండి. 5 నుంచి 20 అయితే సగం పని అయిపోయినట్టే.

మార్పు లేకపోతే పైపెట్టె లేపాలి. వెనక చెక్క, పై అలంకారపు భాగం, మెట్ల మూత, స్టాపుల పలక వరసగా తీయాలి. ప్రతి అడుగులోనూ ఫోటో, స్క్రూలు వేరువేరు పొట్లాల్లో పేరు రాసి. మోకాలి మీటల తీగెలు ఊడదీయడం మరిచి పెట్టె లేపితే తీగె వంగిపోతుంది, అది తిన్నగా చేయడం ఓ పెద్ద తలనొప్పి. పెట్టెను ఇద్దరు పట్టి నిటారుగా ఎత్తి బల్ల మీద పెట్టండి. ఇప్పుడు కింది పలకలో గాలి వెళ్లే రంధ్రం కనబడుతుంది. దాని మీద దళసరి అట్ట పెట్టి అంచులన్నీ టేపు వేసి తొక్కండి. తిత్తి నిలిచిందా, తప్పు పైన ఉంది: రెండు పెట్టెల మధ్య తోలు పట్టీ ఎండిపోయి ఉంటుంది, లేదా రీడ్ల పలక పగిలి ఉంటుంది. నిలవలేదా, తప్పు తిత్తిలోనే. మీ నల్లపొడి సంగతి విన్నాక నా అనుమానం తిత్తి మీదే ఎక్కువ.

---

వడ్ల_పని

రెక్సిన్ వాడొద్దు. మడత దగ్గర బిర్రుగా ఉంటుంది, పెడల్లతో కదిలే చిన్న తిత్తులు పూర్తిగా తెరుచుకోవు, మూడు నాలుగు ఎండాకాలాలకు పగులుతుంది. కావాల్సింది ఒకవైపు రబ్బరు పూసిన నూలు గుడ్డ, తిత్తుల కోసమే తయారయ్యేది. మీకు కావలసింది కొలత చెప్పి తెప్పించుకోవాలి.

కొలత ఇలా వేయండి. మీ పెద్ద తిత్తి పలక 40 అంగుళాలు పొడవు, 20 అంగుళాలు వెడల్పు అనుకుందాం. చుట్టుకొలత 120, అతుకు మీద అతుకు కోసం ఇంకో 2, మొత్తం 122 అంగుళాల పట్టీ. వెడల్పు కోసం తిత్తి ఎంత తెరుచుకుంటుందో చూడాలి. ముందు 7 అంగుళాలు తెరుచుకుంటే, పైపలకకూ కింది పలకకూ అతకడానికి ఒకటింపావు చొప్పున కలిపి తొమ్మిదిన్నర. తిత్తి ఒకవైపు కీలు మీద తెరుచుకుంటుంది కాబట్టి కీలు వైపుకు పట్టీ సన్నబడుతూ పోతుంది. అందుకే పాత గుడ్డను ముక్కలు చేయకుండా ఒకే ముక్కగా ఊడదీసి నేల మీద పరిచి కొలతగా వాడుకోండి. చిన్న తిత్తులు రెంటికీ ఇలాగే. మొత్తం మీద పదో వంతు ఎక్కువ తెప్పించండి.

గుడ్డ కోసే ముందు ఈ ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పెద్ద తిత్తి లోపల బలమైన స్ప్రింగులు ఉంటాయి, పలకను బయటికి నెడుతూ ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది ఆ గుడ్డే. గుడ్డ కోయగానే పలక విసురుగా తెరుచుకుని చేతికి తగులుతుంది, కీలు చిట్లుతుంది. ముందే క్లాంపులతో బిగించి, తాడుతో రెండు చోట్ల కట్టి, తరవాతే కత్తి పెట్టండి. స్ప్రింగు ఏ గుంతలో ఏ వైపు తిరిగి కూర్చుందో గుర్తు గీసుకోండి.

గుడ్డ లోపలి ముఖాన మడతల దగ్గర అట్ట పట్టీలు అతికించి ఉంటాయి. అవి పారేయకండి, అదే కొలతకు కొత్తవి కోయండి. అవి లేకపోతే పీల్చినప్పుడు గుడ్డ లోపలికి ముడతపడి తిత్తిలో సగం గాలి చోటు పోతుంది. చిన్న తిత్తుల మీద తోలు నాలుక వాల్వులుంటాయి, గాలిని ఒకవైపే పోనిస్తాయి. అవి గట్టిపడి వంకర తిరిగితే ఎంత తొక్కినా ఆయాసమే తప్ప గాలి నిలవదు. మెత్తటి పలచటి గొర్రెతోలు, నునుపు వైపు పైకి, గరుకు వైపు చెక్క మీదికి వచ్చేట్టు. రెండు చివర్లా బిగించండి, మరీ లాగి కాదు, వేలితో లేపితే రెండు మిల్లీమీటర్లు లేవాలి.

సరేసును చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచాలి. 60 డిగ్రీల దగ్గర ఉంచండి, మరగనిస్తే పట్టు పోతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, చెక్క చెమ్మగా ఉంటే జిగురు ఆరదు, ఆరినా బూజు పడుతుంది. దసరా తరవాత నుంచి సంక్రాంతి దాకా మన దగ్గర మంచి కాలం. క్రిస్మస్‌కి వాయించాలంటే అక్టోబరులోనే విప్పాలి.

---

రీడ్_నాలుక

తిత్తి కుదిరాక, అప్పుడు మోగుతూనే ఉన్న మూడు మెట్ల సంగతి. మొదట కప్లర్లు రెండూ మూసి చూడండి. కప్లర్ తీగె వంగి పక్క మెట్టును పట్టుకుంటే ఒక తప్పు రెండుగా కనిపిస్తుంది. ఇంకా మోగుతుంటే మెట్టును మునివేళ్లతో కొంచెం పైకి లేపండి. ఆగితే మెట్టుకూ వాల్వుకూ మధ్య ఉండే నిలువు పుల్ల చెమ్మకు ఉబ్బి రంధ్రంలో ఇరుక్కుంది. పుల్లను తీసి సన్న గరుకు కాగితంతో ఒక చుట్టు రుద్ది, పెన్సిల్ ములుకు పొడి రాయండి. ఎక్కువ రుద్దితే ఎండాకాలంలో వదులై టకటకమంటుంది. మెట్టు లేపినా ఆగకపోతే వాల్వు కింద దుమ్మో, పురుగు తిన్న ఫెల్టో, జారిన స్ప్రింగో ఉంది. వాల్వు మెల్లగా తెరిచి మెత్తటి బ్రష్షుతో ఊడ్చాలి, తోలు మీద రీడు పెట్టె అంచు గీత లోతుగా పడి ఉంటే ఆ తోలు మార్చాలి.

పలకని రీడ్లలో ఎక్కువ భాగం చచ్చినవి కావు. నాలుకకూ చట్రానికీ మధ్య వెంట్రుక మందం దుమ్ము చాలు మూగబోవడానికి. రీడు బయటికి తీయడానికి దాని మడమ దగ్గర చిన్న గాడి ఉంటుంది, కొక్కెం అందులో తగిలించి నేరుగా లాగాలి. ఆ కొక్కెం చాలా ఆర్గన్లలో లోపలే ఎక్కడో వేలాడదీసి ఉంటుంది, ముందు వెతకండి. లేకపోతే సైకిల్ స్పోకు చివర దంచి చదును చేసి, ఒక మిల్లీమీటరు మేర వంచి చేసుకోవచ్చు. పటకారుతో పట్టి లాగితే చట్రం వంగుతుంది, ఆ రీడు ఇక గాడిలో సరిగ్గా కూర్చోదు.

ఒకేసారి అన్నీ తీయొద్దు. ఒక థర్మోకోల్ పలక మీద 61 గీతలు కోసి నంబర్లు వేసి, వరస ప్రకారం గుచ్చండి. ఏ వైపు పైకి ఉందో అదే వైపు తిరిగి వెళ్లాలి. శుభ్రం చేయడానికి మెత్తటి బ్రష్షు, మడమ నుంచి కొస వైపుకే. తిరగేసి రుద్దితే నాలుక కొస చట్రానికి తగిలి వంగుతుంది. నాలుక కింద పలచటి కాగితం దూర్చి ఒకసారి లాగితే సందులో దుమ్ము వచ్చేస్తుంది. జిడ్డు ఉంటే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, కడిగి వెంటనే గుడ్డతో అద్ది ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వాలి.

ఇత్తడే కదా అని చెంబులు తోమినట్టు రీడ్లకు చింతపండు వాడొద్దు. ఇత్తడి చెంబు మెరవడానికి కారణం పులుపు పైపొరను తినేయడమే. చెంబుకు పోయేదేమీ లేదు, రీడు నాలుకకు మాత్రం ఆ పొరే శ్రుతి. కొస దగ్గర లోహం తగ్గితే స్వరం పైకి పోతుంది, రివెట్టు దగ్గర తగ్గితే కిందికి దిగుతుంది. చింతపండు రెండు చోట్లా ఎంత తిన్నదో మీకు తెలియదు, 135 రీడ్లూ తలో దిక్కూ పోతాయి. రివెట్టు కింద పులుపు మిగిలితే ఆర్నెల్లకు పచ్చటి చిలుము. పాలిష్ పేస్టులకూ ఇదే మాట. రీడు మెరవనక్కర్లేదు, కదలాలి.

నాలుక విరిగిందే ఉంటే పక్కన పెట్టండి. పెంబర్తిలో ఇత్తడి పనివాళ్లున్నారు కదా, చేయించొచ్చా అని ఎవరైనా అడగొచ్చు. వాళ్లది రేకును కొట్టి తీర్చే పని, అందులో వాళ్లకు సాటి లేదు. స్టాపుల దగ్గర పోయిన అలంకారపు ఇత్తడి రేకు, పెడల్ అంచు పట్టీ అక్కడ అద్భుతంగా చేస్తారు. రీడు నాలుకకు గట్టిగా సాగదీసిన, స్ప్రింగులా తిరిగి లేచే ఇత్తడి కావాలి, మందం కొస నుంచి మడమ దాకా మారుతూ ఉండాలి. దానికి పాడైన ఇంకో ఆర్గన్ నుంచి అదే కొలత రీడు తెచ్చుకోవడమే మేలు. అప్పటిదాకా సబ్ బాస్‌లోనో పై చివరి మెట్లలోనో అరుదుగా వాడే రీడు తెచ్చి పెట్టడం కూడా కుదరదు, ప్రతి రీడుకూ గాడి కొలత వేరు.

---

ఓరుగల్లు_శ్రుతి

శ్రుతి గురించి ఎవరూ అడగలేదు గానీ గొడవ అక్కడే వస్తుంది. ఆర్గన్ బాగయ్యాక మొదటి ఆదివారం కీబోర్డుతో కలిపి వాయిస్తారు, ఘోరంగా ఉంటుంది, "పాతది పాతదే" అని మళ్లీ మూతేస్తారు.

అమెరికా పియానో తయారీదార్లు 1891లో 'ఏ' (A) అనే స్వరానికి సెకనుకు 435 కంపనాల శ్రుతిని ఒప్పుకున్నారు. ఇప్పటి కీబోర్డు 440. తేడా దాదాపు 20 సెంట్లు, అంటే అరస్వరంలో అయిదో వంతు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత వాయిద్యాల్లో 452 దాకా ఉన్నవి ఉంటాయి, అక్కడ తేడా అరస్వరంలో సగానికి దగ్గర. ఏదైనా సరే, ఆర్గన్‌ను 440కి గీకించొద్దు. 135 రీడ్ల కొసలు గీకడమంటే ఎప్పటికీ తిరిగి రాని లోహం తీసేయడం. కీబోర్డు మెనూలో ట్యూనింగ్ అని ఉంటుంది, దాన్ని 435కి దించితే ఒక నిమిషం పని. ట్రాన్స్‌పోజ్ బటన్ కాదు, అది పూర్తి అరస్వరాలే మారుస్తుంది.

కొలిచే పద్ధతి: రీడ్లు శుభ్రం చేశాకే కొలవండి, దుమ్ము బరువుకు స్వరం కిందికి దిగి ఉంటుంది. మెలోడియా ఒక్కటే లాగి, సెలెస్టె, వాక్స్ హ్యూమానా మూసి, మామూలుగా తొక్కుతూ ఫోన్లో ట్యూనర్ యాప్‌తో మధ్యలోని 'ఏ', దాని పై 'ఏ', అలాగే మూడు నాలుగు 'సి' స్వరాలు చూసి రాయండి. అన్నీ దాదాపు ఒకే తేడాలో ఉంటే ఆర్గన్ శ్రుతిలోనే ఉంది, అది వేరే శ్రుతి అంతే. ఒక్కో రీడు ఒక్కోలా ఉంటే, ఎక్కువ రీడ్లు ఉన్నచోటుకి మిగతావాటిని తేవాలి. ఆ పని తెలిసినవాళ్లే చేయాలి: నాలుక కింద పలచటి ఉక్కు రేకు ఆసరా పెట్టి, రెండు గీతలు గీసి, తిరిగి గాడిలో పెట్టి విని, మళ్లీ తీసి. బయట పట్టుకుని ఊది చూస్తే స్వరం వేరే, పెట్టెలో కూర్చున్నాక వేరే.

మన కీర్తనలకు ఈ ఆర్గన్ చాలా బాగా ఒదుగుతుంది. డయాపాసన్ మీద ఎడమచేత్తో షడ్జం, పంచమం పట్టి ఉంచి, కుడిచేత్తో మెలోడియాలో వరస వాయిస్తే పెద్దవాళ్లు నోటికి వచ్చిన గమకంతో పాడుకోవచ్చు. కప్లర్లు లాగి పెద్దగా వాయిస్తే మాత్రం గొంతులు మునిగిపోతాయి, గాలి కూడా రెట్టింపు పోతుంది.

---

కాజీపేట_స్టాఫ్_నోటేషన్

పైపు ఆర్గన్ ఆలోచన గురించి. కమిటీలో ఆ మాట అన్నవాళ్ల కోరిక మంచిదే. దాని నిర్మాణం తెలిస్తే వాళ్లే నిర్ణయించుకుంటారు.

8 అడుగుల స్టాపు అంటే అందులో అతి కింది సి పైపు సుమారు 8 అడుగుల పొడవని. పై కొస మూసిన పైపైతే సగం పొడవుతో అదే స్వరం ఇస్తుంది, గొంతు వేరుగా ఉంటుంది. ఒక్కో స్వరానికి ఒక్కో పైపు. 61 మెట్లకు ఒక వరస అంటే 61 పైపులు, అతి చిన్న మూడు వరసల ఆర్గన్‌కైనా 183. పైపులు తగరం, సీసం కలిపిన లోహంతోనో చెక్కతోనో చేస్తారు. కింద గాలి పెట్టె, దానికి బ్లోయరు, గాలి ఒత్తిడి నీటిమట్టంలో (గొట్టంలో నీళ్లను ఎంత ఎత్తు కదిలిస్తుందో ఆ కొలతలో) మామూలుగా రెండున్నర నుంచి నాలుగు అంగుళాలు, అది కొంచెం అటూఇటూ అయినా స్వరం కదులుతుంది. కోల్‌కతా సెయింట్ పాల్స్ కెథీడ్రల్, చెన్నై సెయింట్ ఆండ్రూస్ కర్క్ లాంటి చోట్ల ఇలాంటివి ఉన్నాయి. ఎత్తైన రాతి భవనాలు, ఏడాది పొడవునా చూసుకునే ఏర్పాటు ఉంటేనే అవి నిలుస్తాయి.

మన దగ్గర అసలు చిక్కు ఎండ. పైపులో మోగేది గాలి కంబం, గాలి వేడెక్కితే శబ్దవేగం పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 3 సెంట్లు. జనవరి పొద్దున హాల్లో 15 డిగ్రీలు, మే నెలలో 40 అనుకోండి, 25 డిగ్రీల తేడాకు 70 సెంట్లకు పైనే, అరస్వరంలో ముప్పావు వంతుకు దగ్గర. పైపు ఆర్గన్‌లోనే రీడ్ రకం పైపులు ఉంటే అవి అంతగా కదలవు, కాబట్టి ఒకే వాయిద్యంలో రెండు స్టాపులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. మీ రీడ్ ఆర్గన్‌కు ఈ బాధ లేదు. ఇత్తడి నాలుక వేడికి కదిలేది చాలా తక్కువ. పైకప్పు రేకో పలచటి స్లాబో ఉన్న హాలుకు, మన వాతావరణానికి, చేతిలో ఉన్న ఈ వాయిద్యమే సరైనదని నా గట్టి అభిప్రాయం. దాన్ని తీసేసి పైపుల కోసం విరాళాలు అడగడం సరికాదు.

---

క్వయర్_హనుమకొండ

ఇవన్నీ ప్రింటు తీసి కమిటీకి ఇస్తున్నా. స్క్రూలు బిగించాక 5 సెకన్ల నుంచి 9కి వచ్చింది, అట్ట పెట్టి చూసినా అంతే, కాబట్టి తిత్తి గుడ్డ మార్చాల్సిందే. ఒక్క ప్రశ్న మిగిలింది. వాయించే అక్కకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు తొక్కలేరు. వాక్యూమ్ క్లీనర్ మోటారు తగిలించొచ్చని ఒకరు చెప్పారు.

---

రీడ్_నాలుక

నేరుగా తగిలించొద్దు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పీల్చే బలం నీటిమట్టంలో పదుల అంగుళాలు ఉంటుంది. ఈ తిత్తికి కావలసింది నాలుగైదు అంగుళాలకు మించదు. కొత్త గుడ్డ అతుకులు ఊడిపోతాయి, కింది రీడ్ల నాలుకలు వంగి మూగబోతాయి.

తక్కువ ఒత్తిడి, ఎక్కువ గాలి లాగే బ్లోయరు కావాలి. దాన్ని పక్క గదిలో పెట్టి రెండంగుళాల పైపుతో తేవాలి, లేకపోతే హోరు వాక్యానికి అడ్డం వస్తుంది. పైపు మధ్యలో ఒక అడ్డు మూత పెట్టి దాన్ని పెద్ద తిత్తి కదిలే పలకకు తాడుతో కలపండి: తిత్తి ముడుచుకుంటే మూత మూసుకోవాలి, తెరుచుకుంటే తెరుచుకోవాలి. ఒత్తిడి కొలవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పారదర్శకమైన ఆ గొట్టాన్ని యూ ఆకారంలో పలకకు కట్టి, సగం నీళ్లు పోసి, ఒక కొసను గాలి పెట్టెకు తగిలించండి. ముందు అక్కగారు కాళ్లతో హాయిగా తొక్కినప్పుడు రెండు నీటిమట్టాల మధ్య తేడా ఎన్ని అంగుళాలో గీత గీయండి. బ్లోయరు పెట్టాక ఆ గీత దాటనివ్వకండి.

పెడల్లు ఊడదీయొద్దు. బ్లోయరు గొట్టాన్ని తిత్తి పలకకు కొత్త రంధ్రం చేసి కాకుండా, విప్పగలిగే అడ్డచెక్క మీదుగా ఇవ్వండి. కరెంటు పోయినప్పుడు కాళ్లతోనే వాయించాలి కాబట్టి ఆ దారిలో గాలి వెనక్కి రాకుండా ఒక తోలు నాలుక వాల్వు కూడా వేయించండి.